కాల్లో ఫెర్రైటు

చౌడక్క చింతపండు పిప్పితో స్టీలు బిందె తోముతోంది. బిందె అతుకు దగ్గర ఎర్రటి తుప్పు. ఎంత రుద్దినా పోవడం లేదు.

హిందూపురం నుంచి వచ్చిన తమ్ముడు వేణుగోపాల్ జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. అక్కడ స్టీలు ట్యాంకుల ఫ్యాక్టరీలో అతుకులు పరీక్షించడమే అతని పని. ఎవరింటికి పోయినా మనుషులకంటే ముందు గిన్నెలనే పలకరిస్తాడు.

అయస్కాంతం బిందెకు అంటుకోలేదు. అతుకును మాత్రం గట్టిగా పట్టుకుంది.

"ఫెర్రైటు ఎక్కువైందక్కా, స్టీల్లో అయస్కాంతం పట్టే భాగమది. అతుకులో అది కొంచెం ఉండాల, లేకుంటే పగుల్తాది. ఎక్కువైతే ఇట్లా తుప్పు పడ్తాది."

మంచం మీదున్న చౌడక్క మొగుడు వెంకటేశులు చెవులు నిక్కించాడు. కిందటేడు బండి మీంచి పడితే ధర్మవరంలో ఆయన కాలికి స్టీలు రాడ్డు వేశారు. కాలు మానిందని డాక్టరు చెప్పినా మూలుగు మానలేదు. ఇంటి పనితో పాటు గొర్రెలూ చౌడక్క మెడకే పడ్డాయి. ఆమె నడుము వంగిపోతోంది.

"నా రాడ్డు గూడా తుప్పు పట్టిందేమో చూడు వేణూ. మబ్బు పడితే చాలు, లోపల గీరుకుంటాండాది."

ఒంట్లో వేసే స్టీల్లో ఫెర్రైటు అస్సలుండకూడదని, అయస్కాంతం అంటుకుంటే అది పనికిరాని సరుకేనని వేణుగోపాల్ చెప్పాడు. అంటుకోకపోతే మాత్రం ఇక గొర్రెల వెంట ఆయనే పోవాలని చౌడక్క తేల్చేసింది.

"ఏ కాలు బావా?"

వెంకటేశులు మూలుగుతూ కుడికాలు చాపాడు. "పంచె మీదనే పెట్టబ్బా, ఇనుము చల్లగుంటాది."

వేణుగోపాల్ మోకాలి నుంచి చీలమండ దాకా అయస్కాంతం జరిపాడు. ఎక్కడా పట్టుకోలేదు.

"ఫస్ట్ క్లాస్ స్టీలు బావా. రవ్వంత ఫెర్రైటు లేదు. నూరేండ్లున్నా తుప్పు పట్టదు."

వెంకటేశులు ముఖం వాడింది. "కండ మందంగా ఉండాది, అందలేదేమో. ఇంగోసారి చూడు."

మళ్లీ చూశాడు. అంతే. అయినా వెంకటేశులు ఒప్పుకోలేదు. ఆ కాల్లోనే సలుపుతోందని గొర్రెల మీద ఒట్టేశాడు.

చౌడక్క బిందె పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన ఎడమకాలి మీది పంచె పైకి జరిపింది.

మోకాలి కింద పొడుగ్గా సాగిన కుట్ల మచ్చను వెంకటేశులు ఒకసారి చూసుకొని, మంచం దిగి, గొర్రెల కర్ర అందుకొని గడప దాటాడు.