లెక్చరర్‌కి బయట కుర్చీ

ఆదివారం ఉదయం పదకొండు గంటలకు ప్లంబర్ల సంఘం, తమకు ఉచితంగా ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చిన లెక్చరర్‌ని గదిలోంచి బయటికి పంపించి గడియ పెట్టుకుంది.

కాసేపటికి తలుపు మళ్లీ తెరుచుకుంది. సంఘం పెద్ద ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వరండాలో వేశాడు.

"కూర్చోండమ్మా. ఎండ తగిలితే గోడవైపు జరుపుకోండి," అన్నాడు. గడియ పడింది.

లైబ్రరీ ఇన్‌చార్జి స్కూటర్ దిగేసరికి ఆమె ఆ కుర్చీలో ఉంది.

"అప్పుడే అయిపోయిందా?"

"లేదండీ. నన్ను బయటికి పంపించారు."

"ఎవరు?"

"వాళ్లే."

ఆయన హెల్మెట్ తీసి బండి అద్దానికి తగిలించాడు. చరిత్ర మీదో, సాహిత్యం మీదో, నీతిశాస్త్రం మీదో మాట్లాడే మనిషి కావాలని ఏ సంఘం అడిగినా ఊరికే పంపించే పథకం లైబ్రరీది. కమిటీ చుట్టూ తిరిగి దాన్ని పెట్టించింది లెక్చరరే. దర్జీల సంఘం ఉపన్యాసంలో నిద్రపోయింది. ఉదయపు నడక సంఘం మధ్యలో టీకి లేచి మళ్లీ రాలేదు. ప్లంబర్ల దగ్గర కూడా బెడిసికొడితే పథకం ఆపేయమని కమిటీ ఇన్‌చార్జికి చెప్పింది.

"ఏమన్నారు మీరు వాళ్లని?"

"ఏమీ అనలేదండీ. మాటిచ్చి తప్పవచ్చా అన్నది ఇవాళ్టి విషయం. ఒక్క ప్రశ్న అడిగాను. ఎనిమిదింటికి వస్తానని ఒకరికి మాటిచ్చారు. దారిలో ఇంకో ఇంట్లో పైపు పగిలి నీళ్లు గదుల్లోకి వస్తున్నాయి. ఆగుతారా, వెళ్తారా అన్నాను."

"దానికి గెంటేశారా?"

"గోల మొదలైంది. పెద్దాయన లేచి వచ్చి, మేడమ్, మీరు కాస్త బయట ఉండండి అన్నాడు."

లోపల పానా నేల మీద పడిన చప్పుడైంది. "నువ్వు నోర్ముయ్‌రా ముందు!" అని ఎవరో అరిచారు.

"విన్నారా? కలిసి బతుకుతున్నవాళ్ల మధ్య చిచ్చు పెట్టి వచ్చారు," అన్నాడు ఇన్‌చార్జి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పైపులు బిగించుకునేవాళ్లకి నీతిశాస్త్రం దేనికండీ అని నేను ముందే మొత్తుకున్నాను."

"రమ్మని అడిగింది వాళ్లే కదండీ."

"ఊరికే వస్తుందంటే ఎవరైనా అడుగుతారు."

"సరే, నేనే వెళ్లి క్షమించమని అడుగుతాను."

"మీరు కదలకండి, మీకు దణ్ణం పెడతాను. ఆ క్షమాపణేదో నేను చెప్తాను. ఇక మీదట ఎక్కడా ఉపన్యాసాలు లేవని కూడా చెప్పేస్తాను. ఒక్క నిమిషం పని."

తలుపు కొట్టాడు. తీశారు. లోపలికి వెళ్లాడు. గడియ పడింది.

నిమిషం దాటింది. పావుగంట దాటింది. ఆయన రాలేదు. గోల తగ్గలేదు. "నన్ను మాట్లాడనిస్తారా లేదా!" అన్న గొంతు ఇన్‌చార్జిది. ఆ వెంటనే బల్ల మీద గుద్దు పడింది. ఆయన మీద చెయ్యి చేసుకున్నారేమోనని ఆమె పరిగెత్తుకెళ్లి తలుపు బాదింది.

సంఘం పెద్ద బయటికి వచ్చాడు. మొహమంతా చెమట.

"క్షమించండి పెద్దాయనా. మీలో మీకు గొడవ పెట్టాలని కాదు..."

"గొడవేంటమ్మా? ఈ సంఘంలో ఇన్నేళ్లూ మాట్లాడింది నేనొక్కణ్నే. నేను లేస్తే అందరి నోళ్లూ కుళాయి కట్టేసినట్టు ఆగిపోతాయని నాకు వాల్వు బాబాయ్ అని పేరు కూడా పెట్టారు వెధవలు. ఇవాళ నా మాట ఒక్కడు వింటే ఒట్టు! మా అల్లుడున్నాడే, పెళ్లయినప్పట్నుంచీ నా ముందు తల ఊపడమే తప్ప నోరు విప్పలేదు. ఇందాక నాకు ఎదురు చెప్పాడు." గుమ్మంలోంచి లోపలికి ఒకసారి తొంగిచూశాడు. "బాగా చెప్పాడమ్మా."

"మరి నన్నెందుకు బయటికి పంపించారు?"

"మీరుంటే ప్రతివాడూ సగం మాట చెప్పి మీ మొహం చూస్తున్నాడు తల్లీ, ఒప్పా తప్పా అని. బళ్లో పిల్లల్లాగ. మాలో మాకు తేలాక పిలుస్తాం."

ఆమె కుర్చీని తలుపు దగ్గరికి లాక్కుంది.

"ఇన్నాళ్లుగా పాఠాలు చెప్తున్నాను పెద్దాయనా. ఇలా బయటికి పంపించిన క్లాసు ఒక్కటీ లేదు," అంది. తర్వాత గుర్తొచ్చి అడిగింది. "మా ఇన్‌చార్జి గారు మీకు చెప్పారా, ఉపన్యాసాలు ఆపేస్తున్న సంగతి?"

"ఎవరు, ఇల్లు మునిగినా సరే మాటంటే మాటేనని బల్ల గుద్దుతున్నారే, ఆయనా? ఇవాళ తేలకపోతే వచ్చే ఆదివారం మిమ్మల్ని మళ్లీ పంపిస్తానని మా అందరికీ మాటిచ్చారు."