నేను ఆపించిన మాట

మనవరాలు ఫోన్లో పడి చెడిపోతుందని నాకు ఒకటే బెంగ. నా పోరు పడలేక, ఇంట్లో నెట్ అంతా ప్రాక్సీ సర్వర్ అనే పెట్టె వడపోసి వదిలేలా మా అబ్బాయి అమర్చాడు. ఏ మాటలున్న సైట్లు ఆపాలో సిగ్గు విడిచి నేనే చెప్పాను.

నెల తర్వాత వాడు ఆగినవాటి జాబితా తెరిచాడు.

“రొమ్ము అన్న మాట దగ్గరే ఇరవైసార్లు ఆగిందమ్మా.”

“పిలవరా ఆ పిల్లని! వీపు చీరేస్తాను.”

“దాని ఫోన్ కాదే.” వాడు జాబితా నావైపు తిప్పాడు. “నీ కోడలిది.”

నా బీపీ మాత్ర, నీళ్లు తెస్తున్న కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆమె అడిగింది ఇరవైసార్లూ ఒకటే: “రొమ్ములో గడ్డ ఉంటే ప్రమాదమా?”

ఇరవైసార్లూ “ఇది చూడకూడదు” అని జవాబిచ్చింది నేనే.