సున్నా చెరపనండి

వీరవేణి బోర్డు మీద సహజ సంఖ్యలు రాసింది: 0, 1, 2, 3.

"ఆ సున్నా చెరిపెయ్," అన్నారు పుష్పలత టీచర్. "సహజ సంఖ్యలంటే లెక్కపెట్టేవి. ఏమీ లేనప్పుడు లెక్కేముంది?"

"చెరపనండి."

క్లాసంతా నవ్వింది. వీరవేణి డస్టర్ వెనక్కి దాచుకుంది.

"మా అంతర్వేదిలో పడవలు వేటకెళ్తే మా అమ్మ గోడ మీద బొగ్గుతో పడవకో గీత గీస్తుందండి. పడవ ఒడ్డుకొచ్చాక దాని గీత చెరిపేస్తుందండి. గోడ మీద ఒక్క గీతా లేనప్పుడే మా లెక్క పూర్తయినట్టండి."

"పరీక్షలో ఇలా రాస్తే మార్కు పోతుంది."

"పోనివ్వండి. తుపాను వెలిసి పదకొండు రోజులైందండి. ఏడు గీతల్లో ఆరు చెరిపేసిందండి అమ్మ. మిగిలింది మా నాన్న పడవండి. లెక్క ఒకటి దగ్గరే ఆపెయ్యమంటారాండి?"