చుక్కల గీత

పొద్దున్నించీ ఆకాశం మబ్బు పట్టి ఉంది గానీ చినుకు రాలలేదు. కాలేజీలో ఇంటి ప్లాన్లు గీయడం నేర్చుకుంటున్న కూతురు బల్ల మీద పరిచిన కాగితం మీదికి తండ్రి మురిపెంగా వంగాడు.

"అన్ని గోడలకూ నిండు గీతలేశావు. నా గదికి మాత్రం చుక్కలు పెట్టావేమే? పెన్సిల్ అరిగిందా?"

"కూల్చే గోడలు అట్లాగే గీస్తారు నాన్నా. అక్కడ కారు షెడ్డు వస్తుంది."

"కాలేజీ హోంవర్కేగా! కూల్చుకో తల్లీ, కాగితం మీద నాకేం నొప్పి?" అని నవ్వాడు.

కూతురు తలెత్తలేదు. "హోంవర్కు కాదు. అన్నయ్య గీయమన్నాడు. వచ్చే నెల మేస్త్రి వస్తాడు."

"మరి నేనెక్కడ పడుకోవాలే?"

"అన్నయ్య చెప్పలేదు నాన్నా."

"నువ్వూ అడగలేదా?"

ఆమె కాగితం చుట్టి పక్కన పెట్టి, అదే బల్ల మీద కంచాలు సర్దింది. కొడుకు వచ్చి కూర్చున్నాడు. ముగ్గురూ అన్నం కలుపుకుని తిన్నారు.