మిక్సీ చెప్పిన సాక్ష్యం

యుద్ధంలో నరాలు దెబ్బతిన్నాయంటే, "దుక్కలా ఉన్నారు కదా!" అని మాజీ హవల్దారు ఢిల్లేశ్వరరావుని పింఛను ఆఫీసు రెండుసార్లు తిప్పి పంపింది. ఇప్పుడు ఇంట్లో వస్తువుల సాక్ష్యమూ చెల్లుతుంది కనక, విచారణకి అధికారిణి ఇంటికే వచ్చింది.

తలుపు, ఫ్యాను చెప్పాక మిక్సీ గొంతు విప్పింది. "అయ్యగారు సైన్యం నుంచి వచ్చిన మర్నాడు అమ్మగారు నన్ను తిప్పారు. ఆ మోతకి ఆయన మంచం కిందకి దూరి వణికిపోయారు. అమ్మగారు నన్ను మళ్ళీ ముట్టలేదు."

ఢిల్లేశ్వరరావు తెల్లబోయి భార్యకేసి చూశాడు. "రోట్లో నూరితేనే రుచన్నావు కదే, నీలవేణీ?"

"రుచిగా నేదేటి మరి?" అంది ఆమె, కాయలు కాచిన అరచేతులు కొంగులో దాచుకుంటూ.

అధికారిణి పింఛను మంజూరు చేసి వెళ్ళింది. అతను మాత్రం రోటి ముందు చతికిలబడ్డాడు.

"ఆ పచ్చడిబండ ఇలాగియ్యి. ఇయాల నుంచి నానే నూరతాను."