బిగియని బోల్టు

"మళ్ళ కారింది సూడు!"

కొమురెల్లి బండి పక్కన కూలబడ్డాడు. ఇంజన్ కింద నల్లటి ఆయిల్ మడుగు కట్టి ఉంది. నిన్న సాయంత్రమే కొత్త ఆయిల్ పోసి, ఇంజన్ కింది బోల్టుకు టేపు చుట్టి మరీ బిగించాడు.

భార్య రాణి గడపలో నిలబడి ఉంది. "ఇయ్యాల గూడ బస్సుల పోరాదు?"

"ఉప్పల్ల దిగి ఇంకో బస్సెక్కి పోయేసరికి గేటు మూస్తున్నరు. ఇంకోపారి లేటయితే రావొద్దన్నడు సూపర్‌వైజర్."

పోచారంలో కడుతున్న కొత్త భవనాల్లో కొమురెల్లి ఎలక్ట్రీషియన్. నాచారం నుంచి రోజూ బండి మీదే వెళ్లేవాడు. ఈ మధ్యే అది మొండికేసింది.

పక్కింటి ఆశీర్వాదం పళ్లు తోముకుంటూ వచ్చి చూశాడు. "ఇంట్ల గిట్ల కెలుకుతే థ్రెడ్లు పోతయన్నా. షాపుకు తోల్కపో."

"తోల్కపోయిన. వాషర్ మార్చి, మంచిగుందన్నడు. ఇంటికి తెస్తే తెల్లారేసరికి గిదీ కత. ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

కొమురెల్లి చక్రాల కింద ఇటుకలు పేర్చి, బండిని వాటిపైకి ఎక్కించాడు. వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు.

"ఇటుక కదులుతుంది. జర లెవ్వు." రాణి వంగి చూసింది.

"నువ్వు జరుగు."

"నేనొక మాట జెప్త, ఇను..."

"తర్వాత జెప్పు. పాన ఇయ్యి."

రాణి పాన అతని చేతిలో పెట్టింది.

కొమురెల్లి పళ్లు బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి బోల్టు తిప్పాడు. ఆయిల్ అంటిన చేతిలోంచి పాన జారింది. ఆ ఊపుకు బండి ఊగింది. ఇటుక పుటుక్కున విరిగింది.

అతని కేకకు వీధంతా బయటికి వచ్చింది. ఆశీర్వాదం ఉరికి వచ్చి బండి లేపేసరికి మోకాలి కింద కాలు వంకర తిరిగి ఉంది. రాణి ఆటోలో దవాఖానా చేరేదాకా భర్త తల ఒళ్లో పెట్టుకుని, అతని ముఖం మీది ఆయిల్ కొంగుతో తుడుస్తూనే ఉంది.

కట్టు కట్టాక డాక్టరు ఆమెను పక్కకు పిలిచాడు.

"మీ ఆయనకు నిద్రలో ఫిట్స్ వస్తున్నాయని పోయిన వారం నువ్వే వచ్చి చెప్పావు. పరీక్షలకు తీసుకురమ్మన్నాను. అప్పటిదాకా బండి ఎక్కనివ్వొద్దన్నాను కదమ్మా?"

"చెప్పిన సార్. కలగన్నవని నవ్విండు. కాళ్లు మొక్కినా ఇనలే."

"అందుకే చూడు, బండి మీంచి పడ్డాడు."

"లేదు సార్." రాణి తల దించుకుంది. "ఎక్కనియ్యలే."

రోజూ ఆ బోల్టు వదులు చేసింది ఆమే.