తిమ్మరాజు పోసిన ఆయిల్

“తొక్కు... అట్లే పట్టుకో... ఇంగ వదులు.”

కారు చక్రం పక్కన గొంతుక్కూర్చుని తిమ్మరాజు చెబుతుంటే, లోపల సీట్లో ఉమేష్ బ్రేకు తొక్కి వదులుతున్నాడు. చక్రానికి తగిలించిన సన్నటి గొట్టంలోంచి నల్లటి ఆయిల్ సీసాలోకి కారుతోంది. పెనుకొండలో, కొండ కిందున్న ఆ మెకానిక్ షెడ్డు వాకిట్లో నిలబడిన కళావతి కొడుకు ఉమేష్‌ను చూడడం లేదు. తిమ్మరాజు చేతులనే చూస్తోంది.

ఆ చేతులు పోయిన ఏడాది కన్నకొడుకు మీద మట్టి పోశాయి. మోహన్ తిమ్మరాజుకు ఒక్కగానొక్క కొడుకు, ఉమేష్‌కు ప్రాణ స్నేహితుడు. పెనుకొండ కొండ మీది నుంచి ఎవరి కారు ముందు దిగుతుందో చూద్దామని కుర్రాళ్ళు ఆదివారం పొద్దున్నే పోటీ పడుతుంటారు. అలాంటి ఒక పొద్దున ఉమేష్ కారు మలుపు తప్పింది. పక్క సీట్లో ఉన్న మోహన్ పోయాడు. స్టీరింగ్ పట్టుకున్న ఉమేష్ చెయ్యి విరిగి బయటపడ్డాడు. ఆ కారునే బాగుచేయించుకుని మళ్ళీ నడుపుతున్నాడు.

“చూడబ్బా, డికాషన్ మాదిరి అయిపోయిండాది,” అంటూ సీసా ఎత్తి చూపించాడు తిమ్మరాజు. “దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ బ్రేకు తొక్కుతావు. బ్రేకులు కాగిపోతాయి. ఆయిల్లో నీళ్ళు చేరింటే మసిలి ఆవిరైతాయి. ఇంగ ఎంత తొక్కినా పెడల్ కిందికి పోతాది గానీ బండి నిలబడదు. మా మోహన్‌ను మింగింది అదే.”

“అందుకే గదా మామా నీ దగ్గరికి వచ్చినా.”

“దిగొద్దంటే వినేటోడివి కాదు. బ్రేకులన్నా సరిగా ఉండనీ. తొందరగా మసలని రకం పోస్తాండా.”

“దసరా అయినాక వచ్చే ఆదివారం దిగుతా మామా. మోహన్ పేరు మీద.”

తిమ్మరాజు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వే కళావతికి అనుమానం తెప్పించింది. కొడుకును పొట్టన పెట్టుకున్నవాడికి ఏ తండ్రైనా బ్రేకులు బాగుచేస్తాడా? చేసినా, నవ్వుతూ చేస్తాడా?

ధర్మవరం తిరిగి వస్తుంటే కారులో ఇక ఆపుకోలేకపోయింది.

“ఆయప్ప పోసింది ఏందో నీకు తెలుసునా?”

“బ్రేక్ ఆయిలమ్మా.”

“దాంట్లో ఏం కలిపినాడో?”

“మామ అట్లాంటోడు కాదులే.”

“కడుపుకోత సంగతి నీకేం తెలుసురా!”

ఉమేష్ ఆక్సిలరేటర్ తొక్కాడు. వద్దన్నకొద్దీ వేగం పెంచడం వాడికి చిన్నప్పటి నుంచీ అలవాటే. ఇలాంటివాణ్ణి ఆపడం తన వల్ల కాదని కళావతికి తెలుసు. కాపాడుకోవడం మాత్రం తన చేతిలో ఉందనుకుంది.

మరునాడే ఊళ్ళో పెద్ద షాపుకు వెళ్ళి, తిమ్మరాజు పోసిన రకం ఆయిలే కొత్త డబ్బా తెచ్చింది. దసరాకు మగ్గానికీ నాడెలకూ పసుపు రాసినట్టే దానికీ రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అమ్మవారి పటం ముందు ఉంచింది. ఆ నవరాత్రులంతా ఒకటే ముసురు. పట్టు పోగులు చెమ్మగిల్లి ఇంట్లో మగ్గం ఆడలేదు. గోడలు ముట్టుకుంటే చేతికి తడి తగిలేది.

కోడలు సౌమ్య పాయసం గిన్నె తెచ్చి అమ్మవారి ముందు పెట్టి, ఈగలు వాలుతున్నాయని పైన పళ్ళెం బోర్లించింది.

“తియ్యమ్మా, తియ్యి! మూసిపెట్టింది అమ్మవారు ముట్టదు.”

సౌమ్య పళ్ళెం తీసేసి నవ్వింది. “అయితే ఈ ఆయిల్ డబ్బాను కూడా ముట్టుకుంటాదా అత్తా?”

“నీ మొగుడి ప్రాణం ఉండేది దాంట్లోనే. ముట్టుకోకుంటే ఎట్లా?”

పండగ వెళ్ళగానే కొడుకును వెంటబెట్టుకుని హిందూపురంలో తెలియని మెకానిక్ దగ్గరికి పోయింది. తిమ్మరాజు పోసిన ఆయిలంతా తీసేయించి తన డబ్బా చేతికిచ్చింది. అతను పసుపూ కుంకుమా చూసి, “అమ్మవారి దగ్గర పెట్టిండేదామ్మా!” అని కళ్ళకద్దుకున్నాడు. ఇంకో మాట అడక్కుండా పోశాడు. అమ్మ మనసు కుదుటపడితే చాలని ఉమేష్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున తానూ వస్తానని పట్టుబట్టి పెనుకొండకు వచ్చింది కళావతి. ఆమెను కొండ కింద దింపి ఉమేష్ కారు పైకి పోయింది. అంతలో తిమ్మరాజు షెడ్డు వదిలి ఆమె దగ్గరికి వచ్చాడు.

“నువ్వన్నా వద్దని చెప్పలేకపోయినావామ్మా?”

“వాడు వింటేగదా. నీ ఆయిల్ మాత్రం ఇప్పుడా బండిలో లేదు.” గెలిచినట్టు చెప్పింది కళావతి.

“తీసేసినారా? ఎందుకు?”

ఆమె అతని చేతుల వంక చూసింది. తిమ్మరాజుకు అర్థమైంది. తల దించుకున్నాడు.

“నా కొడుకు కూర్చున్న బండి అమ్మా అది. ఇంగో తల్లి ఏడవగూడదనే దాన్ని మళ్ళీ ముట్టినా.”

అతని కళ్ళల్లో నీళ్ళు చూశాక కళావతి సిగ్గుతో చితికిపోయింది. ఎంత పాపపు ఆలోచన చేశాను అనుకుంది.

“పోసింది కొత్త డబ్బానే అన్నా. నువ్వు పోసిన రకమే. నవరాత్రులంతా అమ్మవారి ముందు పెట్టి పోయించినా.”

“అట్లయితే భయం లేదు,” అని ఊపిరి పీల్చుకున్నాడు తిమ్మరాజు. “సీలు తీసిన వెంటనే పోసినారు గదా? మూత లేకుండా పెడితే ఆ ఆయిలు వానాకాలం ఉప్పు మాదిరి గాల్లో చెమ్మంతా తాగేస్తాది. నాలుగు మలుపులకే మసిలిపోతాది.”

పైన హారన్ మోగింది. ఉమేష్ కారు మొదటి మలుపు తిరిగి కిందికి దూకుడుగా వస్తోంది.

కళావతి తిమ్మరాజు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“మూసిపెడితే అమ్మవారు ముట్టదని, మూత తీసే పెట్టినా అన్నా.”